ఆరు వందల కిలోల లోపు

బొగ్గు లారీల వరుసలో ఎర్ర బండి ఒకటి దూరింది. ఎత్తు చూస్తే లారీ చక్రమంత. హారన్ మాత్రం లారీని మించిపోయింది!

లారీలను తూచే కాంటా గది కిటికీలోంచి రవికాంత్ తల బయటపెట్టాడు. ఇంజనీరు సూర్యప్రకాశరావు గారబ్బాయి. ఆ ప్రైవేటు కాంటాకు కొత్తగా మేనేజరుగా వచ్చాడు.

"ఏవండీ, ఇది కాంటా. కారు పార్కింగ్ కాదు."

"కండ్లున్నయి సార్, కనవడుతుంది. తూకం వెయ్యుండ్రి," అంది కిటికీ కింద నిలబడ్డ అమ్మాయి.

"దీన్నా? ఇందులో బొగ్గేదండీ?"

"బొగ్గు లేదు, నా కష్టమున్నది. తూస్తరా, ఎన్క లారీలోళ్లతోని తిట్టిపిస్తరా?"

లారీలవాళ్లు అప్పటికే ఆ పని మొదలుపెట్టారు. రవికాంత్ నవ్వాపుకొని తూచాడు. ఏడు వందల పది కిలోలు.

ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. పేరు రాజకుమారి. ఆమె గోదావరిఖనిలో డంపర్లు బాగుచేసే వర్క్‌షాపులో మెకానిక్. తండ్రి గట్టయ్య ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. స్పోర్ట్స్ కారు విడిభాగాలు కిట్టుగా కొని, కాంటా ఆవరణలోనే ఉన్న బుచ్చన్న కాక షెడ్డులో రెండేళ్లుగా బిగించుకుంటోంది. నెలాఖరున కోయంబత్తూరు రేసు ట్రాక్‌లో, సరదాకు నడిపేవాళ్ల కోసం అమెచ్యూర్ల ట్రాక్ డే. తేలిక బండ్ల క్లాసులో చోటు కావాలంటే ఆరు వందల కిలోలు దాటకూడదు. శనివారంలోగా తూకం చీటీ పంపాలి. ఆడపిల్లకు రేసేమిటన్న ప్రతివాడి ముందూ ఒక్కసారి ఆ ట్రాక్ మీద నడిపి తీరాలని ఆమె పంతం.

"మీ కాంటా కరాబైంది," అంది.

"కాంటాను అనకండి." రవికాంత్ బయటికొచ్చి బండి కిందికి వంగి చూశాడు. "అమ్మ బాబోయ్! ఇది కారా, పిల్ల డంపరా?"

అన్నాడంటే అనడా మరి! ఆ ఊళ్లో ఏ వస్తువైనా బరువుగా ఉంటేనే మంచిదని లెక్క. కిట్టుతో వచ్చిన అల్యూమినియం రేకు చూసి షెడ్డంతా నవ్వింది. రాజకుమారి దాన్ని పక్కన పారేసి అడుగున మందపాటి ఇనప ప్లేటు వేసింది. జీపు స్ప్రింగులు బిగించింది. ముందు భాగంలో గట్టయ్య తన చేత్తో ఇనప గార్డు అతికించాడు. ఇంకేముంది, ఇంజన్ ఎంత ట్యూన్ చేసినా మలుపు దగ్గర బండి మొరాయించేది.

"కిటికీల కూసోని చెప్పుడు అల్కగనే ఉంటది!" అని రాజకుమారి విసవిసా వెళ్లిపోయింది.

కోపం దిగాక ఆలోచిస్తే అతని మాట నిజమే. తన చేత్తో వేసిన వెల్డింగును తన చేత్తోనే కోయాలంటే ప్రాణం ఉసూరుమంది. అయినా గ్రైండర్ పట్టుకుంది.

మర్నాడు రవికాంత్ టీ గ్లాసులతో షెడ్డుకొచ్చాడు.

"మీకోసం కాదండీ. ఆ గ్రైండర్ మోతకు అక్కడ కూర్చోలేక వచ్చాను."

"గట్లనా? చప్పుడు దగ్గరికొస్తే తక్కువైతదా సార్?"

అతను ఒక గ్లాసు ఆమె చేతికిచ్చాడు. షెడ్డు పైకప్పు మీద వాన దబదబా పడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసి, పట్టుబడి, టీ గ్లాసుల్లోకి చూశారు. ఆ తర్వాత రోజూ ఏదో ఒక మోత అతన్ని షెడ్డుకు లాక్కొచ్చేది.

ఇనప ప్లేటు ఊడి, పారేసిన అల్యూమినియం రేకు మళ్లీ ఎక్కింది. తేలిక స్ప్రింగులు, మంచి బ్రేకులు పడ్డాయి. శుక్రవారం తూస్తే ఆరు వందల నలభై.

ఆమె ముఖం చూడలేక రవికాంత్ గొంతు తగ్గించాడు. "చీటీ రాసేది నేనేగా. ఐదొందల తొంభై వేసేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తది." రాజకుమారి కళ్లు ఎర్రబడ్డాయి. "సాయం చేస్తున్ననుకుంటున్నవా? నాతోని కాదని నువ్వే రాసిస్తున్నవ్!"

'సార్' పోయి 'నువ్వు' వచ్చింది. అది కూడా ఇలా! రవికాంత్‌కు ఆ పూట అన్నం సయించలేదు.

శనివారం పొద్దున్నే షెడ్డు ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయిందండీ. ఇవాళ సెలవు పెట్టాను. స్పానర్ ఇటివ్వండి."

ఆమె స్పానర్ అతని చేతిలో పెట్టింది. మిగిలింది గార్డు ఒక్కటే. దాని ముందు గట్టయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"గార్డు తీసుడేంది బిడ్డా? రేపు ఏమన్నయితే?"

"బాపు, ముందల గింత బరువుంటే బండి జల్ది మలగది, జల్ది ఆగది. ఆగని బండిల నన్ను పంపుతవా?"

"బండి తిరగబడితే తలను కాచే పైపు ముట్టుకోమండీ. సీటు బెల్టులూ గట్టివే వేశాం," అన్నాడు రవికాంత్.

గట్టయ్య గార్డు ముందు నుంచి పక్కకు జరిగాడు. "గ్యాస్ కట్టర్ తే. నేనే పెట్టిన, నేనే తీస్త." గార్డు కిందపడ్డాక చెమట తుడుచుకొని రవికాంత్ వైపు తిరిగాడు. "ఓ పిలగా, కోయంబత్తూరుకు మాతోని నువ్వు గూడ రా. దానికి నీ మాట జర వినవడుతున్నట్టున్నది."

షెడ్డు నుంచి కాంటాకు కూతవేటు దూరం. రాజకుమారి స్టీరింగ్ పట్టింది. రవికాంత్ మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవరణ చుట్టూ ఒక రౌండు కొడితే, ఎప్పుడూ మొండికేసే బండి మలుపులో చేప పిల్లలా జారింది. రాజకుమారి కేరింత కొట్టి కాంటా ఎక్కించింది.

బోర్డు మీద ఏడు వందలు!

"గార్డు తీస్తే పెరిగిందా?" అంది రాజకుమారి. కన్నీళ్లు జలజలా రాలాయి. మోచేత్తో తుడుచుకుంది. "పోనీ. పెద్ద బండ్ల క్లాసులనన్న నడుపుత. అందరి ఎన్క ఉన్నా సరే, పోకుండ ఉండ."

కిటికీలోంచి గుమాస్తా జగదీశ్వర్ అరిచాడు. "మేడం, దిగుండ్రి! సార్, మీరు గూడ! లారీ డ్రైవర్లను రోజు దింపేది మీరే గద, మీకేమైంది?"

లారీలవాళ్లు గొల్లుమన్నారు. ఇద్దరూ గబగబా దిగారు. అంకెలు గిర్రున తిరిగి ఐదు వందల ఎనభై దగ్గర ఆగాయి.

రాజకుమారి ఎగిరి గంతేసింది. ఆ ఊపులో రవికాంత్ చొక్కా పట్టుకుంది. "మేనేజర్ సారే దిగుడు మర్సిపోతె ఎట్ల?"

"నీ పక్కన కూర్చున్నాక నాకు కాంటా గుర్తులేదు, రాజకుమారీ," అన్నాడు అప్పుడే మొదలైన వానలో తడుస్తూ. "నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం."

ఆమె చొక్కా వదల్లేదు. "నాకు గూడ ఇష్టమే. కని ట్రాక్ మీద మాత్రం నేనొక్కదాన్నే."

"మరి నేను?"

"మిగిలిన తొవ్వంత నా పక్కనే కూసో."