తన ఆకు తానే ఎత్తిన అతిథి

పెరియకుళం మామిడితోపు గేటు దగ్గర చారులత ఆ మనిషిని ఆపి, చేతిలోని నీళ్ల సీసా లాక్కుంది.

"లోపలికి ప్లాస్టిక్ తేకూడదు సార్. బోర్డు చదవలేదా?"

"చదివానండీ. బోర్డే ప్లాస్టిక్," అన్నాడతను. "నా పేరు ఆనంద్‌కుమార్. మీ తోపుకు గ్రీన్ సర్టిఫికెట్ ఇవ్వచ్చా అని చూడను కోయంబత్తూరు నుంచి పంపినారు."

చారులత సీసా తిరిగి ఇచ్చేసింది. ఇవ్వకూడదని గుర్తొచ్చి మళ్ళీ లాక్కుంది.

ఆ సర్టిఫికెట్ వస్తేనే ఆమె కట్టిన నాలుగు మట్టిగదులకు టూరిస్టులు వస్తారు. రాకపోతే శుక్రవారం వాళ్ల నాన్న కృష్ణరాజ్ తోపును రిసార్టు కంపెనీకి లీజుకిస్తాడు. వాళ్ల ప్లానులో ముప్పై మామిడిచెట్ల చోట ఈతకొలను ఉంది.

ఆనంద్‌కుమార్ రెండు రోజులు తోపంతా తిరిగాడు. వాననీటి తొట్టి కొలిచాడు, ఎరువుగుంట వాసన చూశాడు. చారులత వెంటే నడిచింది, సర్టిఫికెట్ కోసం. వాన పడితే ఒకే గొడుగులో నడిచింది, అదీ సర్టిఫికెట్ కోసమే.

రెండోనాడు మధ్యాహ్నం చారులత అవ్వ సుందరవల్లి అరిటాకు వేసి వడ్డించింది. తిన్నాక అతను తన ఎంగిలాకు తానే ఎత్తుకెళ్లి ఎరువుగుంటలో పడేసి వచ్చాడు. జీరో వేస్ట్ అట.

అవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏందప్పా, నీ ఆకు నువ్వే ఎత్తేస్తివి?"

"పరవాల్లే అవ్వా."

"నీకు పరవాల్లే, మాకు మానం పోయె. చుట్టంగా వచ్చినోళ్లు ఆకెత్తరాదు. ఇంటోళ్లయితేనే ఎవరాకు వాళ్లెత్తేది. నువ్వు వచ్చినోడివా, ఇంటోడివా?"

"అవ్వా!" అని అరిచింది చారులత.

సాయంత్రం ఆనంద్‌కుమార్ తిన్నె మీద కూర్చుని ఫైలు మూశాడు. "ఈ రిపోర్టులో నేను సంతకం పెట్టలేనండీ."

చారులత ఫైలు లాక్కుంది. "ఏం తప్పు జరిగింది?"

"తోపులో ఏం తప్పు లేదు. ఓనరుకు కావలసినవాడు తనిఖీ చేయకూడదని రూల్."

"మీరెవరికి కావాలి?"

"అది మీరే చెప్పాల. అవ్వ అడిగినదానికి మాత్రం నా జవాబు ఇదే. రేపు నా బదులు తనిఖీకి యువరాణి మేడమ్ వస్తుంది. శానా స్ట్రిక్టు."

చారులత గోరు చూసుకుంది. "మంచిదే. మీరిచ్చుంటే ఊరంతా అనుమానపడేది."

కిటికీ వెనక అంతా విన్న కృష్ణరాజ్ గొంతు వినిపించింది. రిసార్టు వాళ్లతో ఫోను. "మేడమ్ ఏమైనా రాయనీ, తోపు ఇచ్చేది లేదు. శుక్రవారం రాకండి సార్. ఆ పొద్దు మాప్పిళ్ళ ఇంటోళ్లు మా పిల్లను పెండ్లిచూపులు చూడ వస్తారు."

ఆనంద్‌కుమార్ అదిరిపడి లేచాడు. "మా అమ్మకు ఇంకా చెప్పనేలేదే! ఇక్కడ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది?"

"కొట్టం కప్పు మీద," అంది చారులత. అప్పటికే నిచ్చెన తెచ్చి, కదలకుండా గట్టిగా పట్టుకుంది.