నాలుగు వేళ్ళ వదులు

ల్యాబ్‌లో కుదుపుల పరీక్షకి పెట్టిన షేకింగ్ టేబుల్ మీద క్యాంపర్ వ్యాన్ వెనక తలుపు నలభై నిమిషాలుగా ఊగిపోతోంది. వ్యాన్ లేదు, ఉత్త తలుపే. దానికి బయటివైపు ట్రంకుపెట్టంత నీలం ప్లాస్టిక్ పెట్టె అతుక్కుని ఉంది. ఒక బోల్టు లేదు, ఒక క్లాంపు లేదు, తలుపుకి చిన్న రంధ్రం కూడా పెట్టలేదు. రెంటికీ మధ్యనున్న గ్రిప్ ప్లేట్ అనే పలక ఒక్కటే దాన్ని పట్టుకుంది. పెట్టెలో ముప్పై కిలోల ఇసుక ఉంది.

నూకరాజు గోడకి ఆనుకుని, ఆ పెట్టె పడితే బాగుణ్ణని లోలోపల కోరుకుంటున్నాడు, పాపం. పడితే ప్లేటు తప్పు, పడకపోతే తన తప్పు. ఈ నెలలో మూడు వ్యాన్ల పెట్టెలు ఘాట్ రోడ్ల మీద ఊడి పడ్డాయి. ఆ మూడూ గాజువాకలో అతని షెడ్డులో బిగించినవే. మిగతా ఊళ్ళలో ఎవరెవరో బిగించినవి వందలున్నాయి, అన్నీ లక్షణంగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా బళ్ళ మీద సామాను కట్టిన చెయ్యి అతనిది. ఆ చేతికి ఏం తెగులు పట్టిందో అతనికి బోధపడటం లేదు.

దిగులు షెడ్డు గురించే అయితే ఎలాగో మింగేసేవాడు. అతని భార్య గౌరికి మూడేళ్ళ క్రితం రెండు కిడ్నీలూ పాడయ్యాయి. రోజుకి నాలుగుసార్లు, రెండేసి లీటర్ల మందునీళ్ళ సంచి ఒకటి గొట్టం గుండా పొట్టలోకి ఎక్కించుకోవాలి, తర్వాత వంపేసుకోవాలి. అందుకని ఆవిడ ఇల్లు కదిలి ఎరగదు. లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుంటుందట, చూడాలని ఉంది అంది ఒకసారి. ఆ ఒక్క మాటకి నూకరాజు పాత వ్యాన్ కొని మంచం, పొయ్యి, సింకు అన్నీ బిగించాడు. నాలుగు రోజులకి పదహారు సంచులు కావాలి. లోపల మనిషి కాళ్ళు చాపుకోవాలంటే అవి బయట పెట్టెలోనే వెళ్ళాలి. ఆ పెట్టె లోయలో పడితే కొండ మీద మరో సంచి దొరకదు. ప్రయాణానికి ఇంకో ఎనిమిది రోజులే ఉంది.

డాక్టర్ హిమజ స్విచ్ ఆపింది. వైద్యం చేసే డాక్టరు కాదు, గ్రిప్ ప్లేట్ కనిపెట్టిన సైంటిస్టు ఆవిడ.

"పడలేదు, నూకరాజు గారూ."

"ఎలా పడతాది మేడం? ఇది నేను బిగించింది కాదు కదా," అన్నాడు నూకరాజు నీరసంగా.

ఆవిడ పెట్టె ఊడదీయించి, "అయితే మీరే బిగించండి. మీ షెడ్డులో ఎలా చేస్తారో అచ్చం అలాగే," అంది.

నూకరాజు తలుపుని స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచాడు. ప్లేటు ఆనించి, పెట్టెని దాని మీద పెట్టి అదిమాడు. పట్టు దొరికిందని ప్లేటు అంచున పచ్చ దీపం వెలిగింది. తర్వాత సంచీలోంచి నైలాన్ తాడు తీసి పెట్టె అడుగు నుంచి చుట్టి, తలుపు పైనున్న కడ్డీకి వేసి, తలుపు మీద కాలు తన్నిపెట్టి బిర్రుగా లాగాడు. ముడి వేసి, పెట్టెని అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"అదేంటి?" అంది హిమజ.

"ఏదండి?"

"ఆ తాడు."

చెప్పులు ఎందుకు వేసుకున్నావని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

"తాడేనండి. మరి కట్టకుండా ఎలా వదిలేస్తాం, పరాయి మనుషుల సామాను."

ఆవిడ స్విచ్ వేసింది. పదకొండో నిమిషంలో పచ్చ దీపం పసుపు రంగుకి తిరిగింది, పన్నెండో నిమిషంలో ఆరిపోయింది. పెట్టె ఒంటి తాడు మీద కాసేపు ఊగింది. తాడు పెట్టె అంచుకి రాసుకుని తెగింది. ముప్పై కిలోల ఇసుక ధడేల్మని నేల మీద పడింది.

"చూశారా," అన్నాడు నూకరాజు, తన తప్పు లేదని తేలిందనుకుని ఊపిరి తీసుకుంటూ. "ప్లేటు చేతులెత్తేసింది. పాపం తాడే చివరిదాకా పట్టుకుంది."

హిమజకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేల మీద కూర్చుని, ప్లేటుని తిరగేసి చూపించింది.

మనలో చాలామందికి ఆ ప్లేటు లోపలి సంగతి తెలియదు కాబట్టి ఇక్కడ రెండు ముక్కలు. బల్లి కాళ్ళకి కంటికి కనపడనంత సన్నని నూగు ఉంటుంది, దానితోనే అది గోడని పట్టుకుంటుంది. ఈ ప్లేటు నిండా అలాంటి నూగే, కోట్ల లెక్కన. బరువు కిందికి లాగినకొద్దీ నూగు ఇంకా బిగుసుకుంటుంది. మరి పెట్టెని మనం తీసుకోవాలంటే? రెండు చేతులతో కాస్త పైకి ఎత్తి పట్టుకోవాలి. తన మీద బరువు లేదని తెలియగానే, ఎవరో దింపుకుంటున్నారని ప్లేటు మర్యాదగా వదిలేస్తుంది. తాళం లేదు, తాళంచెవి లేదు. హిమజ చాలా గర్వపడిన ఏర్పాటు అది.

"మీ తాడు పెట్టెని పైకి ఎత్తుతోంది. రోడ్డు మీద కుదుపులకి ఇంకా బిగుస్తోంది. యజమాని చేతులు వచ్చాయనుకుని ప్లేటు వదిలేస్తోంది," అంది హిమజ.

నూకరాజు తెగిన తాడుని చేతిలోకి తీసుకున్నాడు.

"మిగతా ఊళ్ళవాళ్ళు తాడు కట్టరా మేడం?"

"కట్టే ఉంటారు. మీ అంత బిగించి కట్టడం వాళ్ళకి చేతకాదు."

ముప్పై ఏళ్ళలో తన పనిని అంతగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఆ మెప్పుకి ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాటి నుంచి అతను తాడు మానేశాడు. మొదటి రోజు వచ్చిన ముగ్గురూ పెట్టెని చూసి, అతన్ని చూసి, "తాడేదయ్యా?" అన్నారు. నూగు గురించీ బల్లి గురించీ చెబితే శ్రద్ధగా విని తలూపి, బయటికెళ్ళి పక్క కొట్లో తాడు కొని వాళ్ళే కట్టుకున్నారు. అతను వెంటపడి విప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. హిమజకి ఫోన్ చేశాడు. ప్లేటు బుద్ధి మార్చాలంటే ఏడాది పడుతుంది, అందాకా వాళ్ళ తృప్తి కోసం తాడు మీరే కట్టండి, కానీ పెట్టె అడుక్కీ తాడుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరాలి, అంది ఆవిడ. ముడి జారిపోకూడదు, తాడు దేన్నీ మోయకూడదు. అలాంటి ముడి నూకరాజు జన్మలో వేయలేదు. నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది.

అలాగే తన వ్యాన్‌కీ కట్టాడు. గౌరికి మాత్రం సంగతి చెప్పలేదు. తనకే సరిగ్గా మింగుడుపడనిది ఆవిడకేం చెబుతాడు?

పొద్దున్నే బయలుదేరి, నర్సీపట్నంలో టీకి ఆగి, ఘాట్ ఎక్కి పదకొండింటికి లంబసింగి చేరారు. ఇంకా పొగమంచు పట్టే ఉంది. సంచి తెచ్చి వెచ్చబెడదామని నూకరాజు వెనక్కి వెళ్ళాడు. పెట్టె ఉంది. తాడు లేదు.

పెట్టె అడుగున తడిమాడు, పై కడ్డీ తడిమాడు, వంగి వ్యాన్ కింద చూశాడు. ముడి తనే వేశాడు కదా, మరి ఎక్కడ జారింది? జారితే పెట్టె ఎలా ఉంది? ఉండాల్సిందే కదా, నూగు ఉంది కదా. అన్నీ తెలుసు. అయినా మళ్ళీ వంగి వ్యాన్ కింద చూశాడు.

"ఏటి వెతుకుతున్నావు?" గౌరి శాలువా కప్పుకుని కిటికీలోంచి తొంగి చూసింది. తర్వాత మెల్లగా, "తాడు నా దగ్గరుంది," అంది.

"నీ దగ్గరా?"

"నువ్వు టీ తాగుతున్నప్పుడు చూశాను. అంత వదులుగా ఉంది. నా గురించిన దిగుల్లో మర్చిపోయుంటావనుకున్నాను. విప్పి గట్టిగా కడదామంటే ఈ చేతుల్లో సత్తువేదీ? లాగలేకపోయాను. మళ్ళీ నీలాగా ముడి వేయడమూ రాలేదు. నువ్వు కంగారు పడతావని సీటు కింద పెట్టేశాను. దారంతా నా ప్రాణం నా దగ్గర లేదు."

నూకరాజు ఆవిడ చేతుల వంక చూశాడు. ఆ చేతుల్లో మునుపటి సత్తువ ఉండుంటే ఈపాటికి పదహారు సంచులూ లోయలో ఉండేవి. మూడేళ్ళుగా అతను ఏ బలహీనతని తిట్టుకున్నాడో అదే ఇవాళ ఆవిడని కాపాడింది. దానికి సంతోషించాలో ఏం చేయాలో అతనికి తెలియలేదు.

అప్పుడు అంతా చెప్పాడు. గౌరి పదో తరగతి చదివింది, అతనికంటే తొందరగా గ్రహించింది. బల్లి కాళ్ళ దగ్గర నవ్వింది కూడా.

నాలుగు రోజులున్నారు. మంచు చూశారు, ఆవిడ దాన్ని వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది. చివరి రోజు పెట్టెలో సాయంత్రానికి ఒక్క సంచి మిగిలింది. ఖాళీ అయిన చోట ఆవిడ కోరి కొన్న కాఫీ గింజలూ పసుపూ నింపారు. నూకరాజు తాడుని నాలుగు వేళ్ళ వదులుతో కట్టాడు. పెట్టెని రెండుసార్లు చరిచాడు.

గౌరి వచ్చి తాడు కింద చెయ్యి పెట్టి చూసింది. "అంతా అర్థమైంది," అంది. "అయినా కాస్త బిగించరాదూ?"

అతని చేతులు తాడు మీదికి వెళ్ళనే వెళ్ళాయి. వెళ్ళినవాటిని ఆపుకోవడానికి పళ్ళు బిగబట్టాల్సి వచ్చింది. అలాగని తాడుని అంత వదులుగా ఉంచి బండి తాళంచెవి తిప్పడానికి అతనికీ ధైర్యం చాలలేదు. చివరికి తాడు కొసని వెనక కిటికీలోంచి లోపలికి లాగి ఆవిడ చేతికిచ్చాడు. బరువు ఎత్తే బలం ఆ చేతుల్లో లేదు, అందుకే ఇచ్చాడు. ఆవిడ వెనక మంచం మీద కూర్చుని దాన్ని రెండు చుట్లు అరచేతికి చుట్టుకుంది.

నూకరాజు డ్రైవర్ సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి వేసి ఆగాడు.

"గట్టిగా పట్టుకున్నావా?" అని అడిగాడు.

"పట్టుకున్నాను, పోనీ," అంది గౌరి. అప్పుడు బ్రేక్ తీశాడు.