పదకొండో మనిషి

ఏడుకొమ్ముల సీమలో రెండేళ్ళుగా వాన లేదు. మబ్బులు లేక కాదు పిల్లలూ. ఊళ్ళోంచి తలెత్తి చూస్తే చాలు, ఏడో కొమ్ము మీద కట్టుగొయ్యలకు కట్టేసిన ఎనుముల్లాగా నల్లగా, గుంపుగా, కదలకుండా కనిపించేవి. కిందికి మాత్రం ఒక్కటీ దిగేది కాదు. బావులు అడుగంటాయి. పశువులు ఎండిన చెరువులో బురద నాకి నాకి అక్కడే పడిపోయాయి. పాలులేని పసిపిల్లల ఏడుపు వినలేక జనం తలుపులు మూసుకుని కూర్చునేవారు.

ఆ సీమలో కొమ్ములంటే కొండశిఖరాలు. కొండలెక్కేందుకు అక్కడ ఒక జట్టు ఉండేది. ఏటా తొలకరికి ముందు జట్టంతా కలిసి ఏడు కొమ్ములూ వరసగా ఎక్కి, ఒక్కో శిఖరం మీద ఒక్కో రాయి పేర్చి, నాలుగు రోజులకు దిగి వచ్చేవారు. వాళ్ళు దిగిన వారానికి వాన పడేది. ఆ నడకకు ఒక కట్టుబాటు ఉండేది. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందుండాలి, గట్టి కాళ్ళున్నవాళ్ళు వెనకుండాలి. ఎందుకని అడిగితే తాతలనాటి నుంచీ అంతే అనేవారు. అసలు సంగతి ఎవరికీ తెలియదు. సంగతి తెలియని కట్టుబాటును తెంచడానికి పిసరంత ఆశ చాలు.

ఆ ఆశను పుట్టించినవాడు రాజు మహీధరుడే. ఆయనకు పందేలంటే చెవికోసుకునేంత ఇష్టం. పొద్దు పొడవడానికీ పొద్దు గూకడానికీ మధ్య ఏడు కొమ్ములూ ఎక్కిన జట్టుకు సగం రాజ్యం ఇస్తానని చాటింపు వేయించాడు. జట్టు పెద్ద ఓబళేసు మంచివాడే, కానీ ఆ చాటింపు విన్నాక అతనికి కంటిమీద కునుకు పట్టలేదు.

ఓబళేసుకు తల్లిలేని కూతురు ఒకతె ఉంది. పేరు సుంకులి. పుట్టుకతోనే ఎడమకాలు కురచ. పదో ఏట తండ్రే ఆమెను జట్టులో చేర్చి, అందరికంటే ముందు నిలబెట్టాడు. పదిమంది పెద్దవాళ్ళు తన అడుగును బట్టి అడుగు వేస్తుంటే ఆ పిల్లకు ఆకాశం అందినట్టుండేది. పద్నాలుగో ఏట, పందెం నాడు, నాలుగో కొమ్ము మీద ఓబళేసు సూర్యుడివంక చూశాడు, కూతురి కాలివంక చూశాడు. దిగేటప్పుడు తీసుకుపోతాను, ఈ రాతిమీద కూర్చోమన్నాడు. ఆ మాట ఆమె మొహం చూడకుండా చెప్పాడు. పదిమందీ వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

సుంకులి ఒంటరిగా కొండ దిగింది. కాలు నొప్పెట్టి తానే ఆగిపోయానని ఊళ్ళో చెప్పింది. తండ్రిని ఎవరూ ఒక్కమాట అనకూడదని ఆమె పట్టుదల. ఊరు ఊరుకుంటుందా? కుంటిది జట్టును విడిచింది గనకే కొండకు కోపం వచ్చిందని, వాన పోయిందని దుమ్మెత్తిపోసింది. రెండేళ్ళపాటు ఆ పిల్ల ఆ మాటలు దిగమింగింది.

రాజు పెద్దకొడుకులిద్దరూ పరివారంతో వెళ్ళారు, రాలేదు. వాళ్ళ వెనక ఇంకో నాలుగు జట్లు వెళ్ళాయి, అవీ రాలేదు. రాజు ఏం చేశాడనుకున్నారు? సగం రాజ్యానికి తోడు రత్నాల పల్లకీ కూడా ఇస్తానని మళ్ళీ చాటించాడు!

ఒక ఉదయం సుంకులి సద్దిమూట కట్టుకుని పుల్లప్ప గుడిసెకు వెళ్ళింది. పుల్లప్ప ఓబళేసుకు ముందు జట్టు పెద్ద. డెబ్భై దాటిన ఆయాసపు మనిషి. నాయన బతికున్నాడో లేడో తెలియక చచ్చిపోతున్నానని, ఒంటరిగా కొమ్ము ఎక్కడం జట్టు పద్ధతి కాదు కాబట్టి తోడు రమ్మని ఆమె అడిగింది. ముసలాయన చాలాసేపు దగ్గి, మూల ఉన్న చేతికర్ర అందుకున్నాడు. కొండ మొదట్లో మూడోమనిషి కలిశాడు. రాజు చిన్నకొడుకు శశాంకుడు. మిగిలిన ఒక్క కొడుకునూ పంపనని తండ్రి కట్టడి చేస్తే కోటగోడ దూకి వచ్చాడు. ఆ కొండలమీంచి ప్రాణంతో దిగింది సుంకులి ఒక్కతే గనక ఆమె వెంట వస్తానన్నాడు. అయితే అందరికంటే వెనక నడవమంది సుంకులి. రాకుమారుడు మొహం ముడుచుకున్నా, సరేనన్నాడు.

రెండో కొమ్ము గుహలో ఒక ముని ఉన్నాడు. ఒంటిమీద పుట్టలు లేచినా కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఆయన ఒక వేరుముక్క చూపి, ఇది నమిలితే నీ కాలు నాలుగు రోజులపాటు జింకకాలు అవుతుందన్నాడు. సుంకులికి నోట్లో నీళ్ళూరాయి. పుట్టినప్పటి నుంచీ ఆమె కోరింది అదొక్కటే మరి. పుల్లప్ప తాతకు కూడా ఒక ముక్క ఇమ్మని అడిగింది. ఉన్నది ఒక్కటేనన్నాడు ముని. ఆమె ఆ వేరువంక చూస్తూ చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ చేయి చాచలేదు. నేను జింకనైతే తాత వెనకబడిపోతాడు, నాకొద్దు సామీ అంది. అప్పుడు ముని, ఏడో కొమ్ము మీద ఒక రక్కసి ఉందని, వచ్చినవాళ్ళను లెక్క అడుగుతుందని, లెక్క తప్పినవాళ్ళూ అబద్ధం ఆడినవాళ్ళూ అక్కడే రాయైపోతారని హెచ్చరించాడు.

నాలుగో కొమ్ము మీద గండభేరుండం వాలి ఉంది. ఒక తల నిద్రపోతుంటే ఇంకో తల మాట్లాడింది. ఒక్కరినైతే రెప్పపాటులో ఏడో కొమ్ము మీద దించుతానంది. అన్నలు అక్కడే ఉన్నారన్న ఆత్రంలో శశాంకుడు ముందూ వెనకా చూడకుండా దాని రెక్కమీద కాలు పెట్టాడు.

సుంకులి వెళ్ళి ఒక బండమీద కూర్చుంది. “మా నాయన నన్ను ఇడిచిపెట్టి పోయింది ఈ రాతి మీదనే” అంది. “నేను ఆగిపోలేదు. వాళ్ళే పోయినారు. ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు. నువ్వూ పోతానంటే పో రాకుమారా, నాకు అలవాటే.”

శశాంకుడి మొహం పాలిపోయింది. అతను రెక్క మీది కాలు తీసి, వచ్చి తన చోట, అందరికీ వెనక నిలబడ్డాడు. గండభేరుండం విసురుగా లేచిపోయింది. పుల్లప్ప మాత్రం తల వంచుకుని, ఆ కట్టుబాటు ఎందుకో తెలుసుకుని ఓబళేసుకు నేర్పలేకపోయిన పాపం నాదేనని గొణుక్కున్నాడు.

ఆరో కొమ్ము దారిలో ఒక మనిషి ఎముకలు కనిపించాయి. పక్కనే ఖాళీ నీళ్ళతిత్తి, దానిమీద రాజముద్ర. శశాంకుడి అన్నల మూటలు మోసిన లింగడు వాడు. కాలు మడత పడితే అన్నలు వాణ్ణి వదిలేసి పోయినట్టున్నారు. నీళ్ళకోసం పాకినంత మేరా మట్టిలో చేతిగోళ్ళ చారలున్నాయి. చిన్నప్పుడు వాడి భుజాలమీద ఎక్కి ఆడుకున్న శశాంకుడు ఆ చారల పక్కన కూలబడి ఏడ్చాడు. తర్వాత ఆ ఎముకలన్నీ ఏరి తన ఉత్తరీయంలో మూటగట్టి గుండెకు కట్టుకున్నాడు.

అక్కడితో పుల్లప్పకు ఊపిరి అందలేదు. “నన్ను ఇక్కడే ఇడిచి పోండి పాపా, నేను బతికి చేసేదేముంది” అన్నాడు. సుంకులి ఆయన పక్కన చతికిలబడింది. ఆయన లేచేదాకా, అది ఒక పూటైనా ఒకరోజైనా, ముగ్గురూ అక్కడే ఉంటారని అర్థమయ్యాక ముసలాయనే విసుక్కుంటూ కర్ర ఊతంగా లేచాడు. ఇరవై అడుగులకోసారి ఆగుతూ నడిచారు.

నాలుగోరోజు మిట్టమధ్యాహ్నం ఏడో కొమ్ము చేరారు. మధ్యాహ్నమన్న మాటేగానీ మబ్బుల కింద చీకటి. శిఖరం నిండా మనుషులంత రాళ్ళు. ప్రతి రాతికీ ముక్కూ, కళ్ళూ, తెరిచిన నోరూ ఉన్నాయి. వాటి నడుమ రక్కసి కూర్చుని ఉంది. మబ్బుల పలుపులన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి.

“ఎందరు బయలుదేరారు? ఎందరు చేరారు?” అని అడిగింది.

ముగ్గురం బయలుదేరి ముగ్గురం చేరామంది సుంకులి. రక్కసి ముగ్గురినీ వేలు పెట్టి లెక్కబెట్టింది. తొలిసారి ఈ కొండ ఎక్కినవాళ్ళు తనకు మాటిచ్చారట, ఒక్కరినీ దారిలో వదలకుండా వస్తామని. అలా వచ్చినంతకాలం తాను కనబడకుండానే లెక్క చూసుకుని మబ్బులు వదిలిందట. మాట తప్పినవాళ్ళందరూ ఇదిగో, ఇక్కడ ఉన్నారంది.

పుల్లప్ప ఒక రాతిముందు నిలబడిపోయాడు. అది ఓబళేసు. రాయైపోయినా ఆ మొహం నాలుగో కొమ్ము వైపే తిరిగి ఉంది.

“వీళ్ళు పదకొండుమంది బయలుదేరి పదిమంది వచ్చారు” అంది రక్కసి. “పదకొండోవాళ్ళు ఎవరు?”

“నేనే.”

“నీ అంతట నువ్వే ఆగిపోయావా?”

రెండేళ్ళుగా ఊరికంతా చెప్పిన అబద్ధం సుంకులి నాలుక చివరిదాకా వచ్చింది. తండ్రి ఎదురుగా ఉన్నాడు, వింటున్నాడో ఏమో. ఆమె ఆ రాతిమొహం వంకే చూస్తూ చెప్పింది. “లేదు. మా నాయన ఇడిచిపెట్టి పోయినాడు.”

“మరి కోపం లేదా?”

“ఉంది. శానా ఉంది. ఈ జన్మకు పోతాదో లేదో గూడా తెలీదు” అంది సుంకులి. “కోపముంటే మాత్రం? వీళ్ళు నా జట్టు. పదకొండోదాన్ని నేను నడిచొచ్చినా. లెక్కపెట్టుకో.”

రక్కసి ఆమెవైపు వేలు చూపి, పదకొండు అంది. పది రాళ్ళు నిలువునా పగిలాయి. ఓబళేసు మోకాళ్ళమీద పడి, గాలికోసం నోరు తెరిచి, కూతురిని చూసి మళ్ళీ తల దించుకున్నాడు.

శశాంకుడు పరుగున వెళ్ళి, ఎముకల మూటను అన్నల రాళ్ళముందు పెట్టాడు. వీళ్ళ జట్టులో తగ్గినవాణ్ణి కూడా తెచ్చాను, లెక్కపెట్టమని వేడుకున్నాడు. రక్కసి గొంతులో కోపం లేదు. “ఆ పిల్ల వచ్చి నా జట్టే అంది. వీడేమంటాడో చెప్పు. చచ్చినవాడు సరే అనలేడు కదా నాయనా.”

ఆ రాళ్ళు పగల్లేదు. మిగతా నాలుగు జట్లలో తగ్గినవాళ్ళెవరూ రాలేదు గనక వాళ్ళ రాళ్ళూ పగల్లేదు. శశాంకుడు లింగణ్ణి అక్కడే పూడ్చి, అన్నల రాతిచేతులు ఒకసారి పట్టుకుని వదిలాడు. రక్కసి మాత్రం లెక్క కుదిరిన రెండు జట్ల పేరుమీద పలుపులన్నీ వదిలేసింది. వాళ్ళు కొండ దిగుతుండగానే వాన మొదలైంది.

సభలో రాజు ఓబళేసును కౌగిలించుకుని, ఏడో కొమ్ము ఎక్కిన మొనగాడివి నువ్వేనంటూ సగం రాజ్యం ఇవ్వబోయాడు. ఓబళేసు చేతులు జోడించి, తాను కన్నకూతురిని కొండమీద వదిలేసిన మనిషినని అందరి ముందూ చెప్పాడు. సుంకులిని తిట్టిన నోళ్ళన్నీ మూతపడ్డాయి. అప్పుడు రాజు, నీకేం కావాలో కోరుకోమని సుంకులిని అడిగాడు.

“కొండమీద పందెం ఇంకెప్పుడూ పెట్టొద్దు దొరా” అంది సుంకులి. “మీ కొడుకుల్ని రక్కసి ఒక్కతే సంపలేదు.”

మహీధరుడు సింహాసనం మీద అలాగే కూర్చుండిపోయాడు. మరునాడు చాటింపు వెనక్కు తీసుకుని, నెల తిరక్కుండా రాజ్యాన్ని శశాంకుడికి అప్పగించాడు. శశాంకుడు చాలాకాలం చల్లగా ఏలాడు, ఏటా జట్టుతో కొండకు వెళ్ళి అందరికంటే వెనక నడిచాడు. జట్టు పెద్దగా సుంకులి ముందు నడిచింది. చెరువులు నిండాయి, పసిపిల్లలకు పాలు దొరికాయి.

వాళ్ళు ఇల్లు చేరిన తొలిరోజు సాయంత్రం ఇంకొకటి జరిగింది. బయట వాన కురుస్తుంటే తండ్రీకూతుళ్ళు సంగటి తింటున్నారు. ఓబళేసు తలెత్తకుండా అడిగాడు. “ఆ రాతిమీద ఎంతసేపు కూచున్నావమ్మా?”

“మూడు దినాలు నాయనా. ఇంకా కూచునేదాన్నే, నీళ్ళయిపోయినాయి.”

ఓబళేసు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. సుంకులి ఊరుకోమని అనలేదు. చేయి కడుక్కుని వచ్చి, ఆయన ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చుంది.