అమ్మ గదికి వేసిన లైను

కరెంటు తీసేసిన పూటే ఆ ఇంటి ఇల్లాలు కన్నుమూసింది. ఊపిరితిత్తులు పాడై చాలాకాలంగా ఆమె మంచం మీదే ఉంది. తలవైపు పెట్టిన ఆక్సిజన్ మిషను ఆగితే ఊపిరి అందదు. బిల్లు కట్టలేదని లైన్‌మన్ స్తంభం దగ్గర వైరు విప్పి వెళ్లిపోయాడు. ఎదురింటి టైలరమ్మ తన ఇంట్లోంచి వీధికి అడ్డంగా వైరు లాగి తెచ్చింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

నెల తిరిగాక ఆమె కూతురు కరెంటు బిల్లు పట్టుకుని డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపించినా వెంటనే కూర్చోలేదు.

"బిల్లు తగ్గించాలా అమ్మా?" అని అడిగాడు అసిస్టెంట్. "మా మేడమ్ చెయ్యి వేస్తే తేలని కేసంటూ లేదు."

"నువ్వు కాసేపు ఆగు," అంది డిటెక్టివ్.

"బిల్లు ఎలాగో కట్టేశాం మేడమ్. లైను మళ్లీ ఇచ్చారు. అంత వాడలేదని నాన్న తరఫున నేను ఎప్పుడో ఫిర్యాదు పెట్టాను. వాళ్లు వచ్చి మీటరు చూసి వెళ్లాక అది ఒక బల్ల మీద ఉండిపోయింది, లైను కోసెయ్యమన్న ఆర్డరు ఇంకో బల్ల మీద నుంచి వచ్చేసింది." ఆమె అప్పుడు కూర్చుంది. "నాన్న అన్నం సరిగ్గా తినడం లేదు. ఏ హీటరో ఆపడం మర్చిపోయి తనే బిల్లు పెంచానని, అమ్మను తనే చంపుకున్నానని అంటున్నాడు. అన్నయ్య కూడా నాన్నది మతిమరుపే అంటాడు. నాన్న మర్చిపోలేదని మీరు తేల్చాలి. మర్చిపోయాడనే తేలితే నాకొక్కదానికే చెప్పండి."

డిటెక్టివ్ ఆ సాయంత్రమే బయలుదేరింది.

వీధిలో అందరూ పెద్దాయనను ఆపరేటర్‌గారు అంటారు. ఉద్యోగమంతా సినిమా హాల్లో ప్రొజెక్టర్ దగ్గరే గడిచింది. మనిషి చిక్కిపోయాడు గానీ మాట స్పష్టంగా ఉంది.

"హీటరు ఎప్పుడు వాడతారు బాబాయిగారూ?"

"స్నానానికే. కానీ ఆపానో లేదో ఎవరు చూశారమ్మా? వయసైపోయింది."

"పడుకునే ముందు ఏం చేస్తారు?"

"మెయిన్ దించేస్తాను. హాల్లో ఆఖరి ఆట అయ్యాక మెయిన్ దించి, ప్రొజెక్టర్ మీద చెయ్యి పెట్టి, చల్లబడిందని చూసుకుని గానీ ఇంటికొచ్చేవాణ్ని కాదు. మా ఆవిడకి ఆ మిషనంటే సవతి పోరు. ఇంటికొచ్చి నా మీదా అలా చెయ్యి పెట్టి చూడొచ్చుగా అనేది." ఆయన నవ్వబోయి ఆగిపోయాడు.

"మెయిన్ దించితే ఆక్సిజన్ మిషను ఆగదా?"

"దానికి వేరే లైను ఉందిగా. మీటరు నుంచి నేరుగా. నా అలవాటు తెలిసి మా అబ్బాయే మనిషిని పిలిచి వేయించాడు. దాని స్విచ్చి మీద మేమెవ్వరం చెయ్యి వెయ్యం."

ఇల్లాలి గదిలో పరుపు చుట్టేశారు. అద్దెకు తెచ్చిన మిషను తిరిగి ఇచ్చేశారు. స్విచ్చి మాత్రం వేసే ఉంది. ఎవరూ తాకకుండా దాని చుట్టూ ఎర్ర టేపు అతికించారు. వేలంత లావు నల్లటి వైరు అక్కడి నుంచి గోడలోకి పోయింది.

"ఇది ఆక్సిజన్ మిషనుకా, పిండిమరకా?" అన్నాడు అసిస్టెంట్.

డిటెక్టివ్ గోడ మీద అరచెయ్యి ఆనించింది. "దీని అవతల ఏముంది?"

"అన్నయ్య స్కూటర్ రిపేరు షాపు," అంది కూతురు. "మూసేసి చాన్నాళ్లయింది. బిల్లు కట్టలేదని దానికి ఎప్పుడో కరెంటు తీసేశారు. లేకపోతే ఆ రోజు అక్కడి నుంచే వైరు లాగేవాళ్లం కదా."

అంతలో కొడుకు వచ్చాడు. చొక్కా కొత్తది. చేతుల అంచున మాత్రం సన్నటి చిల్లులు ఉన్నాయి.

"అప్పుడే చిల్లులు పడ్డాయే," అంది డిటెక్టివ్.

"పురుగు కొట్టింది. అయినా చెల్లి మాట విని మీరు శ్రమ పడుతున్నారు మేడమ్. నాన్నను నా దగ్గర ఉంచుకుంటానంటే వినదు. పెద్దవాళ్లకు మతిమరుపు సహజం."

"ఆ రోజు మీకెవరు చెప్పారు?"

"చెల్లి ఫోన్ చేసింది. పరిగెత్తుకొచ్చాను."

మర్నాడు డిటెక్టివ్ టైలరమ్మతో మాట్లాడింది. తర్వాత కరెంటాఫీసులో ఇంజనీరును కలిసింది.

"మా మీటరు హరిశ్చంద్రుడి తమ్ముడండీ," అన్నాడు ఇంజనీరు. "పక్కన ఇంకో మీటరు పెట్టి చూశాం. రెండూ ఒకటే చూపించాయి."

"లైన్లన్నీ ఆపి చూశారా?"

"అంత జబ్బు మనిషి మంచం మీదుంటే ఎలా ఆపుతామండీ?"

"అదే అడుగుదామని వచ్చాను. రేపు మీరు ఆ ఇంటికి రావాలి."

మర్నాడు అందరూ ముందుగదిలో కూర్చున్నారు. తలుపు తీసి ఉంచారు. వరండాలోని మీటరు లోపలికి కనిపిస్తోంది.

"మీటరు సరైనదే," అంది డిటెక్టివ్. "ఇన్నాళ్లూ అందరూ దానితోనే పోట్లాడారు. కరెంటు నిజంగానే ఖర్చయింది. ఎక్కడ ఖర్చయిందన్నదే ప్రశ్న. బాబాయిగారూ, మెయిన్ దించండి."

ఆయన దించాడు. ఫ్యాను ఆగింది. మీటరు మీద ఎర్ర దీపం మాత్రం గబగబా కొట్టుకుంటూనే ఉంది.

ఇంజనీరు వరండాలోకి లేచి వెళ్లాడు. "ఇదేంటి?"

"ఇంట్లో మిగిలింది ఒక్క లైను. దాని మిషను కూడా ఇప్పుడు లేదు. ఆమె బతికుండగా ఈ ఇంట్లో ఎవరూ ఆపని స్విచ్చి అదొక్కటే. ఆఫీసువాళ్లు కూడా ఆపలేదు. దొంగ కరెంటుకు అంతకంటే భద్రమైన చోటు ఉండదు. బాబాయిగారూ, దాన్ని దించమంటారా?"

పెద్దాయన లేచి ఆ గదిలోకి వెళ్లి, టేపు ఊడదీసి, తనే దించాడు. మీటరు మీద దీపం ఆగింది. గోడ అవతల సన్నటి హోరు కూడా ఆగింది. ఆగిన తర్వాతే అలాంటి చప్పుడు ఒకటి ఉండేదని అందరికీ తెలిసింది.

"బ్యాటరీ ఫ్యాక్టరీలో పనిచేసిన మా మామ చొక్కాకు ఉండేవి ఇలాంటి చిల్లులు," అంది డిటెక్టివ్ కొడుకు వైపు తిరిగి. "పురుగు కొట్టినవి కావు, ఆమ్లం చిందినవి. షట్టరు వేసుకుని లోపల ఈ లైనుతో బ్యాటరీలు చార్జ్ చేస్తున్నావు."

కొడుకు చొక్కా చేతుల అంచులు లోపలికి మడుచుకున్నాడు. "అద్దెకిచ్చుకుంటున్నాను. అప్పులవాళ్లు పీక మీద కూర్చున్నారు. ఇంత బిల్లు వస్తుందనుకోలేదు. అమ్మ మీద ఒట్టు..."

"ఆవిడ పేరెత్తకు బాబూ," అంది టైలరమ్మ.

"ఫోన్ వస్తే వచ్చానన్నావు," అంది కూతురు. "అమ్మ పోయిన తర్వాత కదా నేను చేసింది, అంతదాకా గోడ అవతలే ఉన్నావా అన్నయ్యా?"

"నేను వైరు చుట్ట తీసుకుని వీధి దాటుతున్నాను," అంది టైలరమ్మ. "అబ్బాయి షాపు వెనక నుంచి వచ్చి మీటరు దగ్గర నిలబడ్డాడు. పెట్టె తెరిచి చూస్తున్నాడు. ఇటు పట్టుకో నాయనా అని అరిచాను. వినిపించుకోలేదు."

"చార్జింగ్ ఆగిపోతే ఫ్యూజు పోయిందేమో అనుకున్నాను," అన్నాడు కొడుకు. "వేసేస్తే అన్నీ మళ్లీ..."

పెద్దాయన గది గుమ్మంలోకి వచ్చాడు.

"ఎంతసేపు చూశావురా?"

కొడుకు తల దించుకున్నాడు.

"లోపల మీ అమ్మ నన్ను పట్టుకుని ఉంది. తలుపు వైపే చూస్తోంది. ఎవరొస్తారా అని."

కాసేపటికి కొడుకు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయాడు.

"మీరేదీ మర్చిపోలేదు బాబాయిగారూ," అంది డిటెక్టివ్ మెల్లగా. "ఏ రోజూ మర్చిపోలేదు."

"నేనే మర్చిపోయుంటే బాగుండేదమ్మా," అన్నాడాయన.



కట్టిన ఆ బిల్లు డబ్బు వెనక్కి రావాలంటే, కనెక్షన్ ఎవరిదో ఆ మనిషే ఆఫీసుకు వచ్చి, కరెంటు దొంగిలించింది ఎవరో చెప్పాలన్నాడు ఇంజనీరు. కూతురు తండ్రిని రెండుసార్లు అక్కడికి తీసుకెళ్లింది. ఆయన ఇంకా ఆ పేరు చెప్పలేదు.