తొమ్మిదో నంబరు కుందేలు

తెనాలిలో డిటెక్టివ్ గురునాథం గదికి వచ్చిన కుసుమకుమారికి ఆయన సహాయకుడు సంజీవరావు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"దొంగనన్నారండీ నన్ను. రేపల్లెలో మా నాన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పేది?"

అది 1968. బాపట్లలో ఒక ప్రైవేటు పరిశోధనశాల. కుందేలు వెనక పాదంలో క్యాన్సర్ కణాలు ఎక్కిస్తారు. అవి ఒంట్లో పారే శోషరసంతోపాటు సాగి మొదట మోకాలి వెనకున్న గ్రంథికి, అక్కణ్ణించి ఊపిరితిత్తులకు చేరతాయి. ఆ గ్రంథిని ముందే తీసేస్తే వ్యాప్తి ఆగుతుందా అన్నది డాక్టర్ పూర్ణచంద్రరావు పరిశోధన. కణాలు ఎక్కించేది ఆయన, గ్రంథి కోసేది కుసుమకుమారి. ఆదివారం తొమ్మిదో కుందేలు మాయమైంది. పరిశోధనశాల తాళంచెవులు వాళ్లిద్దరి దగ్గరే ఉన్నాయి. సోమవారం, ఆమే దొంగ అని డాక్టరు రాసిన ఉత్తరంతో ఆమె ఉద్యోగం ఊడింది.

మర్నాడు ముగ్గురూ బాపట్ల వెళ్లారు. డాక్టరు కాఫీ తెప్పించాడు. తన గ్లాసు ఎడమచేత్తో అందుకోబోయి, చప్పున కుడిచేతికి మార్చుకున్నాడు.

ఖాళీ బోను తలుపుకు, ఆపరేషన్లలో కుట్లకు వాడే పట్టుదారంతో ముడి వేసి ఉంది.

"గడియ విరిగిందండి. నేనైతే తీగ చుడతాను," అన్నాడు మేత వేసే జకరయ్య. "పాపం, దాని ఎడమ పాదం వాచి కుంటుతోందండి. శనివారమే డాక్టరుగారితో చెప్పాను."

బోను చీటీ మీద డాక్టరు దస్తూరీ: 'కుడి పాదం'.

గురునాథం కుసుమకుమారి చేత పక్కనే ఇంకో ముడి వేయించాడు. రెండూ ఆపరేషన్ ముడులే. కానీ ఒకటి ఇటు తిరిగింది, ఇంకోటి అటు. సంజీవరావు నోరు తెరిచి చూస్తూండిపోయాడు. ఇంతసేపూ తన కళ్లేం చేస్తున్నట్టు!

సాయంత్రం అందరూ ఆ బోను దగ్గరే చేరారు.

"డాక్టరుగారూ, మీది ఎడమచేతి వాటం. నలుగురిలో దాస్తారు. ఒంటరిగా ఉంటే చెయ్యి దాని దారిన అది పోతుంది. కణాలు ఎక్కించిన రోజు సూది ఎడమచేత్తో పట్టారు, కుందేల్ని అటు తిప్పారు, పాదం మారిపోయింది. చీటీ చూసి ఈ అమ్మాయి కుడి మోకాలు కోసింది. ఎడమవైపు దారి తెరిచే ఉంది. వాపు ఈ అమ్మాయి కంట పడకముందే, ఆదివారం జకరయ్య చర్చికి వెళ్లినప్పుడు కుందేల్ని తీసేశారు. తలుపుకి ముడి మాత్రం అలవాటు చొప్పున ఎడమచేతి వాటంగా వేశారు."

డాక్టరు తల దించుకున్నాడు. "మా ఇంట్లోనే ఉందండి. చంపడానికి చెయ్యి రాలేదు. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం కలిపానని మా నాన్న ఆ చెయ్యి కట్టేసేవాడు. ఆ సిగ్గు ఇంకా పోలేదు."

అందరి ముందూ కలం ఎడమచేతిలోకి తీసుకుని చీటీ దిద్దాడు. అక్షరాలు వంకర తిరిగాయి. జకరయ్య మొహం తిప్పుకున్నాడు.

కుసుమకుమారి ఆ చేతినే చూస్తూ అడిగింది. "నన్ను దొంగని రాసిన ఉత్తరం ఏ చేత్తో రాశారండీ?"

ఆయన కలం కింద పెట్టాడు.

"కుడిచేత్తోనేనమ్మా."