గంజి పెట్టిన వెండి దారం

బద్వేలు బస్సు దిగి, ఎమ్మిగనూరులో చౌడేశ్వరి వాళ్ల మగ్గమింట్లో వీరభద్ర ఇట్ల కాలు పెట్టినాడో లేదో, తగువు మొదలైంది.

"ఏమప్పా, నీ సాఫ్ట్‌వేర్‌లో తప్పుండాది! చేతిపట్టీలు కట్టుకుంటే నాడి సున్నా అంటాండాది. నేను బతికే ఉండానా, లేనా?" అంది చౌడేశ్వరి.

"నా దాంట్లో తప్పే లేదు. ఇంటర్నెట్లో అందరికీ తెరిచిపెట్టినా. నూరుమంది చూసినారు, ఒక్కరూ వంక పెట్టలేదు. నీ గుడ్డలోనే ఉండాది."

చూసుకోవడం ఇదే మొదలు. పోట్లాట మాత్రం మూడు నెలలదండీ, ఫోన్లో. కర్నూలులో ఇంజనీరింగు చదివే చౌడేశ్వరి, కరెంటు పారే వెండి దారంతో జత పట్టీలు నేసింది. రెండు చేతులకూ కట్టుకుంటే గుండె లెక్క ఫోన్లో పడాల. కొలతలు, బొమ్మలు దాచుకోకుండా ఎవరైనా తీసుకోమని ఇంటర్నెట్లో పెట్టేసింది. అది చూసే వీరభద్ర సాఫ్ట్‌వేర్ రాసిచ్చినాడు. రేపు కాలేజీలో చూపించాల. పలకకపోతే చేసిందంతా గంగపాలే!

వీరభద్ర పట్టీని వేళ్లతో నలిపినాడు. "ఈ దారం ఇంత బిరుసుగా ఉండాదేం?"

"గంజి పెట్టినా కదా నాయనా!" అంది మూలన కూర్చున్న అవ్వ సుంకమ్మ. "గంజి లేకుండా ఏ దారమన్నా మగ్గమెక్కుతాదా?"

చౌడేశ్వరి నెత్తి కొట్టుకుంది. "అయ్యో అవ్వా! గంజి పొర అడ్డముంటే కరెంటు యాడ పారుతాది?"

వేడినీళ్లలో నానేసి, పిసికి, మిద్దె మీద ఆరేసినారు. ఎమ్మిగనూరు ఎండకు ఎంతసేపు! పట్టీలు వీరభద్ర చేతులకు కట్టింది.

డెబ్బై రెండు!

"పలికింది అవ్వా, పలికింది!" ఎగిరి గంతేసి, ఫోను చూద్దామని వాని భుజం మీదుగా వంగింది. జడ జారి వాని చేతి మీద పడింది.

నూట పద్దెనిమిది.

"మళ్లా చెడిందా?" అంటా ఆ పిల్ల వెనక్కి జరిగింది. ఎనభై. దగ్గరికొచ్చింది. నూట ఇరవై.

అప్పుడు అర్థమై బుగ్గలు కందిపోయినాయి. అయినా వదిలేరకమా?

"ఇప్పుడు చెప్పప్పా. తప్పు నీ సాఫ్ట్‌వేర్‌లోనా, నా గుడ్డలోనా?"

తప్పు నాదే అంటే తప్పించుకుని పోవచ్చు. వీరభద్ర తల వంచుకున్నాడు.

"రెండిట్లోనూ లేదు. అంకె నిజమే."

చౌడేశ్వరి పట్టీలు విప్పి తన చేతులకు కట్టుకుని, ఫోను వాని వైపు తిప్పింది.

నూట ఇరవై నాలుగు.

సుంకమ్మకు అంకెలు రావు. ఇద్దరి ముఖాలూ చూసి, సంకటికి ఎసరు పెట్టను లేస్తా అడిగింది: "మీ అమ్మానాయనల్ని ఎప్పుడు తోలుకొస్తావు నాయనా?"