ఒక్క మనిషి టీమ్

వజ్రకేతు పిక్చర్స్ వెబ్‌సైట్ చేస్తున్న కుర్రాడు శ్రీనగర్ కాలనీలో మేడ మీంచి పడి చనిపోయాడు. ఆత్మహత్య అని అందరూ అనుకున్నారు. బసవపున్నయ్య ఒక్కడే హత్య అన్నాడు.

ఆ మాట ఆయన అన్నది ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో. అద్దానికి అవతల కన్సోల్ ముందు ఆయన. ఇవతల మైకు దగ్గర, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉదయశ్రీ. లోకానికి ఆయన రిటైరైన సౌండ్ ఇంజనీర్. నిజానికి, ఎక్కడా బోర్డు లేని ఒక ఇంటెలిజెన్స్ విభాగానికి హైదరాబాద్ చీఫ్.

"చచ్చిపోయే ముందు ఆ కుర్రాడు మనకి ఫోన్ చేశాడమ్మాయ్. ఆదివారం సాయంత్రం పెద్ద హీరో సినిమా ట్రైలర్ వాళ్ల సైట్లో రిలీజ్. చూడాలంటే ముందు ఫ్యాన్ యాప్ వేసుకోవాలి. వేసుకున్నావా, నీ ఫోన్లో మైకు, కెమెరా అన్నీ వాళ్ల చేతికి పోయినట్టే."

"ఎవరి చేతికి సార్?"

"లూకాస్ అని ఒక విదేశీ ఏజెంట్. వాడి వెనక పెద్ద ముఠా ఉంది. ఈ ఊళ్లో క్షిపణుల ల్యాబులున్నాయి, కంటోన్మెంట్ ఉంది. అక్కడ పనిచేసేవాళ్ల ఇళ్లల్లో ఆ హీరో అభిమాని లేని ఇల్లుందా?"

"రెయిడ్ చేసేద్దాం."

"చచ్చినవాడి ఫోన్ కాల్ తప్ప మన దగ్గరేముంది? సాక్ష్యం వాళ్ల నోటితోనే రావాలి."

"ఇంత పెద్ద సైటు ఏ కంపెనీకో ఇవ్వకుండా ఒక్కడికే ఎందుకిచ్చారు?"

"కంపెనీ అయితే పాతిక నోళ్లు. డిజైనూ, కోడూ, సర్వరూ అన్నీ ఒక్కళ్లే చేస్తే ఒక్క నోరు. మూయించడం తేలిక." ఆయన గొంతు హెడ్‌ఫోన్స్‌లో మరీ దగ్గరగా వినిపించింది. "వాళ్లు కొత్త మనిషి కోసం వెతుకుతుంటే నీ పేరు చెప్పించాను. రేపట్నుంచి ఆ ఒక్క నోరూ నువ్వే."

ఆమెకి మారువేషం అక్కర్లేదు. యూసుఫ్‌గూడలో పెంట్‌హౌస్ గది అద్దెకి తీసుకుని ఆరేళ్లుగా ఫ్రీలాన్స్ డెవలపర్‌గా బతుకుతోంది. మొదట్లో అది గూఢచారి పనికి ముసుగు. పోనుపోను అదే బతుకైపోయింది. కళ్ల కింద నలుపు మేకప్ కాదు.

"లోపల మనకో ఇన్ఫార్మర్ ఉన్నారు. ఎవరో నాక్కూడా తెలీదు, ఢిల్లీ వాళ్ల మనిషి. కోడ్ వాక్యం, 'లోగో ఇంకొంచెం పెద్దది చెయ్యి.'"

ఉదయశ్రీ అదిరిపడింది. "సార్! ఆ మాట అనని క్లయింట్ భూమ్మీద లేడు!"

"ఢిల్లీ వాళ్లకేం తెలుసమ్మా వెబ్‌సైట్ల సంగతి? ఇప్పుడు మార్చలేం. 'పెద్దదైతే ఫోన్లో పట్టదు' అని నువ్వనాలి. 'అయితే ఫోనే మార్చుకుంటా' అని జవాబు రావాలి."

జూబ్లీహిల్స్‌లో బండరాయిని తొలిచి కట్టిన ఆ బంగళా గేటు దగ్గరే ఆమె ఫోను, వాచీ తీసేసుకున్నారు. కీబోర్డు కూడా. అందులోనే ఉంది ట్రాన్స్‌మిటర్.

"మా కీబోర్డు వాడండి. చాలా సాఫ్ట్‌గా ఉంటుంది," అన్నాడు ప్రొడ్యూసర్ సిద్ధార్థ నవ్వుతూ.

పనిచోటు బేస్‌మెంట్‌లోని హోమ్ థియేటర్. గోడల నిండా శబ్దాన్ని మింగేసే నల్లటి స్పాంజి. కిటికీ లేదు. సిద్ధార్థ బొటనవేలు పెడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆమె వెనక సోఫాలో లూకాస్. తెల్ల లినెన్ చొక్కా, చేతిలో గ్రీన్ టీ. మెయిల్ గానీ చాట్ గానీ తెరుస్తుందేమోనని స్క్రీన్ మీంచి చూపు తిప్పడు.

"పని పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండిపోండి. ఫోకస్ బాగుంటుంది," అన్నాడు సిద్ధార్థ.

పగలూ రాత్రీ తేడా పోయింది. రిక్లైనర్ కుర్చీలోనే నిద్ర. ఈ నీలం కాదు, ఇంకో నీలం అంటాడు సిద్ధార్థ. తెల్లారి, నిన్నటి నీలమే బాగుంది అంటాడు. గోడలు రోజూ జానెడు దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించేది ఉదయశ్రీకి.

అన్నం తెచ్చే వాచ్‌మన్ జంగయ్యని అడిగింది ఒకసారి. "కాకా, బయట వాన పడుతున్నదా?"

"ఎండ కొడుతున్నది బిడ్డా. ఎందుకు?"

"ఊరికెనే. జర తలుపు తియ్యరాదె, గాలి పీల్చుకుంట."

జంగయ్య తల దించుకున్నాడు. "నా వేలుకు తెరుసుకోదు బిడ్డా. బెల్లు కొడితె సారొచ్చి తీస్తడు. నేను గూడ ఆగుడే."

శుక్రవారం సిద్ధార్థ అన్నాడు, "లోగో ఇంకొంచెం పెద్దది చెయ్యి."

ఆమె కీబోర్డు వదిలి తల తిప్పింది. "పెద్దదైతే ఫోన్లో పట్టదండీ."

"పట్టేలా చెయ్యడానికే కదా నిన్ను పెట్టుకుంది!" అని కసురుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం మంజులత వచ్చింది. ఒకప్పుడు కుర్రకారు గోడల మీద పోస్టర్‌గా వెలిగిన హీరోయిన్, ఇప్పుడు వజ్రకేతులో భాగస్వామి. ఆకుపచ్చ షిఫాన్ చీర, మల్లెల సెంటు. లూకాస్ ఫోన్ మాట్లాడటానికి పైకి వెళ్లిన సమయం చూసి ఉదయశ్రీ భుజం మీదికి వంగింది.

"లోగో ఇంకొంచెం పెద్దది చెయ్యమ్మా."

"పెద్దదైతే ఫోన్లో పట్టదు."

"అయితే ఫోనే మార్చుకుంటా." ఆ గొంతులో నవ్వు లేదు.

ఉదయశ్రీకి ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లకి ఒక మనిషి! గుసగుసగా చెప్పేసింది. "ఆదివారం పొద్దున యాప్ ఫైల్ తీసేసి ఖాళీ ఫైల్ పెడతాను. మీరు బయటికి కబురు చెయ్యండి."

మంజులత ఆమె చెంప నిమిరి వెళ్లింది.

ఆదివారం మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. సిద్ధార్థ చేతిలో పిస్తోలు ఉంది. వెనకే లూకాస్, వాడి పక్కన మంజులత.

"ఖాళీ ఫైలా?" అన్నాడు సిద్ధార్థ.

ఉదయశ్రీ మంజులత వైపు చూసింది. ఆవిడ గోళ్లు చూసుకుంటోంది. "ఏమనుకోకమ్మా. నేను రెండువైపులా నటిస్తాను. ఇవాళ వీళ్ల కాల్షీట్."

లూకాస్ కంప్యూటర్ లాక్కుని, పాత బ్యాకప్‌లోంచి యాప్‌ని తిరిగి ఎక్కించాడు. పేజీ తెరిచాడు. తెల్లటి తెర. మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే. కొత్త పేజీకీ పాత ఫైలుకీ పొంతన కుదరడం లేదు. రిలీజ్‌కి ఇంక రెండు గంటలు కూడా లేదు.

"ఫిక్స్ ఇట్," అన్నాడు లూకాస్.

పిస్తోలు గొట్టం ఆమె చెవి వెనక చల్లగా ఆనింది. అరిస్తే స్పాంజి మింగేస్తుంది. పరిగెడితే తలుపు తెరుచుకోదు. చేతికందేది ఈ కీబోర్డు ఒక్కటే.

చనిపోయిన కుర్రాడి పని పక్కన పడేసి, వెబ్‌సైట్ మొదటి అక్షరం నుంచి చివరి సర్వర్ దాకా తన చేతుల మీదే కట్టింది. అందులో ఏ గది ఎక్కడుందో ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలీదు. ఆ ఆలోచన రాగానే కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

టైపు చేయడం మొదలుపెట్టింది. తప్పు సరిచేసింది. ఆ వరసల మధ్యే ఇంకో రెండు వరసలు చేర్చింది. యాప్ దొంగిలించే ప్రతి మాటా ముఠా సర్వర్‌తో పాటు బసవపున్నయ్య సర్వర్‌కీ పోవాలి, ఇది మొదటిది. యాప్ ఈ ఇంటి వైఫైలో ఉన్న ఫోన్లకే అడగాలి, బయటివాళ్లకి ఉత్త ట్రైలర్ రావాలి, ఇది రెండోది. లూకాస్ చూస్తూనే ఉన్నాడు. మెయిల్ లేదు, చాట్ లేదు. కోడ్ చదవడం వాడికి రాదు. టీ తాగాడు.

మల్లెల వాసన దగ్గరికొచ్చింది. మంజులత స్క్రీన్ మీదికి వంగి, తనకి తెలిసిన సర్వర్ పేరు కనబడి, ఆ రెండు వరసల దగ్గర ఆగిపోయింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"బాగుంది," అంది మంజులత నెమ్మదిగా. "ఇంకేం మార్చకు."

వాళ్లకి ఎందుకు చెప్పలేదు? ఎవరు గెలుస్తారో ఆవిడ ఇంకా తేల్చుకోలేదు, అంతే.

"లాంచ్‌కి ముందు మీరు టెస్ట్ చేసి ఓకే చెప్పాలి," అంది ఉదయశ్రీ. "లేకపోతే రేపు నన్నే అంటారు."

ముగ్గురూ తమ ఫోన్లలో యాప్ వేసుకున్నారు. పేజీ తళతళలాడుతూ తెరుచుకుంది. లూకాస్ మొదటిసారి నవ్వాడు.

ఉదయశ్రీ గొంతు కాస్త పెంచింది. "నాకు ముందు పనిచేసిన అబ్బాయిని ఏం చేశారు?"

"నీలాగే తెలివి చూపించాడు," అన్నాడు సిద్ధార్థ తాపీగా. "లూకాస్ మనుషులు మేడ మీంచి తోసేశారు. నీకు ఈ మెట్లు చాలు."

ఆ మాటని అతని జేబులోని ఫోనే బసవపున్నయ్య దాకా మోసుకుపోయింది.

సాయంత్రమైంది. పెద్ద తెర మీద ఒకవైపు కౌంట్‌డౌన్, ఇంకోవైపు హైదరాబాద్ మ్యాప్. చేతికి చిక్కిన ప్రతి ఫోనుకీ మ్యాప్ మీద ఒక ఎర్రచుక్క వెలుగుతుంది. మూడు... రెండు... ఒకటి...

ట్రైలర్ మొదలైంది. లక్షల మంది చూస్తున్నారు. మ్యాప్ మీద మూడంటే మూడే చుక్కలు. మూడూ జూబ్లీహిల్స్‌లోనే, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.

ముందు అర్థమైంది లూకాస్‌కి. చేతిలో కప్పు జారిపోయింది. "కిల్ హర్!"

సిద్ధార్థ పిస్తోలు ఎత్తాడు. అదే క్షణంలో తలుపు మీద దబ్బుమని దెబ్బ పడింది. ఇంకో దెబ్బ. మంజులత తలుపు వైపు చూసింది, పిస్తోలు వైపు చూసింది. టీపాయ్ మీది వేడి టీ కెటిల్ తీసి సిద్ధార్థ మణికట్టు మీద గుమ్మరించింది. పేలిన తూటా గోడ స్పాంజిలో దిగబడింది. తలుపు విరిగి లోపలికి పడింది.

కమాండోల వెనక ఆయాసపడుతూ బసవపున్నయ్య.

"నేను మొదట్నుంచీ మీ మనిషినేనండీ," అంది మంజులత పమిట సర్దుకుంటూ.

"మీ ఫోన్ కూడా విన్నామమ్మా," అన్నాడాయన. ఆవిడ చేతులకి కూడా బేడీలు పడ్డాయి.

మెట్లెక్కి బయటికి వస్తే ఇంకా వెలుతురుంది. ఉదయశ్రీ గేటు పక్కన అరుగు మీద కూలబడి గాలి పీల్చింది. జంగయ్య మంచినీళ్ల సీసా తెచ్చిచ్చాడు. బసవపున్నయ్య ఆమె ఫోను తిరిగి చేతిలో పెట్టాడు.

ఆన్ చేసింది. మోత మొదలైంది. లక్షల మంది ఒక్కసారే వచ్చిపడినా కూలని సైటు ఎవరు చేశారా అని ఫిల్మ్‌నగర్ అంతా ఆరా తీసిందట. మూడు బ్యానర్లు, ఇద్దరు హీరోలు, ఒక స్వీట్ షాపు. అందరిదీ ఒకటే మెసేజ్. "మాకూ ఇలాంటిదే కావాలి మేడమ్, సింపుల్‌గా, రెండ్రోజుల్లో."

ఉదయశ్రీ మెసేజులన్నీ చదివి, ఫోను తిరిగి చీఫ్ చేతికిచ్చేసింది.

"సార్, నన్ను మళ్లీ ఆ బేస్‌మెంట్‌లో పెట్టి తాళం వెయ్యండి."